పరదేశంలో కొత్త కాపురం

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు విదేశీ వలస కొత్తది కాకపోయినా, భార్యాభర్తలు కలిసి వెళ్లి పరదేశంలో కాపురం పెట్టడం మాత్రం చాలాకాలం అరుదుగానే ఉండేది. ఈ ప్రాంతాలు విశాఖపట్నం, గంజాం జిల్లాలలో భాగంగా ఉన్న రోజులలో కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవులలో ఓడలెక్కిన కూలీలలో అత్యధికులు బర్మాకు, అంటే ఊళ్లలో ‘రంగం’ అని పిలుచుకొన్న రంగూన్‌కు వెళ్లేవారు. కూలీలను సమకూర్చి వారిపై అజమాయిషీ చేసే మేస్త్రీ ఓడ ఛార్జీని ముందుగా ఇచ్చి, ఆ బాకీని వారి కూలిలోనే మినహాయించుకొనేవాడు. బియ్యపు మిల్లులోనో రేవులోనో పనిచేస్తూ, ఒకే గదిలో పలువురు సర్దుకొని, మిగిలిన డబ్బు ఇంటికి పంపే ఆ బతుకులో ఇల్లాలికి చోటు లేదు. 1931 జనగణన నాటికి సుమారు నాలుగు లక్షల రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే అయినా, వారిలో పురుషులే చాలా ఎక్కువ. ఆ వలస అక్కడ గట్టిగా వేరూనకపోవడానికి 1930 నాటి రేవు అల్లర్లు, 1942లో జపాను దాడి ఎంత కారణమో, కాపురాలు ఊళ్లోనే ఉండిపోవడమూ అంతే కారణమనిపిస్తుంది. కుటుంబ వీసాకు ఇంత జీతం ఉండాలని నిబంధన పెట్టిన గల్ఫ్ దేశాలకు తాపీపనికో వెల్డింగుకో వెళ్లే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు యువకుల పరిస్థితి నేటికీ దీనికి భిన్నంగా లేదు.

నేటి మలేషియాలో భాగమైన మలయాలో కథ వేరుగా నడిచింది. పేరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతో వంటి చోట్ల కొబ్బరి, రబ్బరు తోటల పనికి తెలుగువారు కుటుంబాలతో వెళ్లడం, ఆడవారికీ కూలి దొరకడం వల్ల అక్కడ ఊళ్లు వెలిశాయి, బడులు వచ్చాయి, 1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడింది.

జంటగా వెళ్లినంత మాత్రాన జంటగా గుర్తింపు దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. ఉత్తరాంధ్ర కూలీలు కూడా చేరిన దక్షిణాఫ్రికాలో, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లను చట్టం గుర్తించదన్న అర్థం వచ్చేలా 1913లో న్యాయమూర్తి సెర్ల్ తీర్పు ఇవ్వగా, గాంధీ నాయకత్వంలోని సత్యాగ్రహంలోకి స్త్రీలు దిగారు. మరుసటి ఏడాది చట్టం మారింది. తాళి ఉన్నా కాగితం కావాలన్న సంగతి అప్పటికే తేలిపోయింది. నేడు భార్యకు ఆశ్రిత వీసా, అనగా భర్త ఉద్యోగంపై ఆధారపడిన వీసా కావాలంటే వివాహ ధ్రువపత్రం తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టం వివాహ నమోదును నిర్బంధం చేసినా, పెళ్లైన వెంటనే ఆ పని చేయించనివారు, పదో తరగతి పత్రంలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నవారు వీసా వేళకు హడావిడి పడుతుంటారు.

అమెరికాకు హెచ్-1బి ఉద్యోగిగా వెళ్లిన భర్త వెంట హెచ్-4 వీసాపై వెళ్లే భార్య అక్కడ చదువుకోవచ్చు గానీ సంపాదించకూడదు. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత ముందుకు సాగాక కొందరికి పని అనుమతి ఇచ్చే నియమం 2015లో వచ్చింది. పని అనుమతి లేనివారికి సాధారణంగా సోషల్ సెక్యూరిటీ నంబరు, అంటే జీతం, పన్ను, అప్పుల లెక్కలన్నిటికీ మూలమైన గుర్తింపు సంఖ్య ఇవ్వరు. పన్ను పత్రాల కోసం ఐటిఐఎన్ అనే మరో సంఖ్య మాత్రం తీసుకోవచ్చు. అందువల్ల ఇంజనీరింగ్ చదివి నిన్నటిదాకా విశాఖలో ఉద్యోగం చేసిన అమ్మాయి కూడా అక్కడ అడుగుపెట్టగానే ఏ లెక్కలోనూ లేని మనిషైపోతుంది. చలి, వంట, భాష గురించి పెద్దలు చెప్పే జాగ్రత్తలకన్నా ఈ స్థితిని ముందుగా ఎరగడమే కొత్త జంటకు అవసరం. ఇంటి అద్దె ఒప్పందంలో, బ్యాంకు ఖాతాలో, వీలైతే కరెంటు బిల్లులో భార్య పేరు కూడా మొదటి నెలలోనే చేర్పిస్తే, డ్రైవింగ్ లైసెన్సుకు చాలా రాష్ట్రాలు అడిగే చిరునామా రుజువు ఆమె చేతిలో ఉంటుంది. బస్సులు అంతగా తిరగని ఊళ్లలో ఆ లైసెన్సు లేకపోతే కూరగాయలకైనా భర్త సెలవు రోజు కోసం ఎదురుచూడవలసిందే.