పట్టా లేనోళ్ళ భూమి – పవర్ ప్లాంటు దారి

బొగ్గు కరెంటు గురించి చర్చ వచ్చినప్పుడల్లా పొగ గురించి, బూడిద గురించి మాట్లాడుతుంటారు. మాట్లాడాల్సిందే. కాని ఉత్తరాంధ్రలో అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ప్లాంటు ఏ భూమి మీద లేస్తోంది? రెవెన్యూ కాగితం ఆ భూమికి ఏ పేరు పెట్టింది? శ్రీకాకుళం జిల్లా సోంపేట, కాకరాపల్లి అనుభవాల నుంచి ఈ ప్రశ్నను విప్పి చూద్దాం.

ప్లాంటుకు ఏం కావాలి?

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి సొంత అవసరం కోసం సొంత పవర్ ప్లాంటు ఉంది. సోంపేట, కాకరాపల్లిలో తలపెట్టినవి అలాంటివి కావు. అవి కరెంటు అమ్ముకునే ప్రైవేటు కంపెనీలవి. 2003 విద్యుత్ చట్టం థర్మల్ ఉత్పత్తికి లైసెన్సు అక్కర్లేదంది. దాంతో కంపెనీల చూపు సముద్ర తీరం మీద పడింది. చల్లబరచడానికి సముద్రపు నీళ్ళు, బొగ్గు దించుకోడానికి రేవులు అక్కడే గదా.

కాకరాపల్లి ప్లాంటు 2640 మెగావాట్లకు వేసిన పథకం. అది పూర్తిగా నడిస్తే రోజుకు 6 కోట్ల యూనిట్ల పైమాటే. యూనిట్‌కు మన దేశపు బొగ్గు 600 నుంచి 700 గ్రాములు పడుతుంది. అంటే రోజుకు దాదాపు 40 వేల టన్నులు. అందులో మూడో వంతుకు అటూ ఇటూ బూడిదే. ఆ బూడిద పోయడానికి భూమి కావాలి, చాలా కావాలి. పట్టా భూమి కొనాలంటే ఖరీదు, గొడవ. సర్కారు భూమైతే ఒక్క జీవోతో పని తీరుతుంది.

'బంజరు' అన్న మాట

సోంపేట బీల అలాంటి సర్కారు భూమే. 2008లో ప్రభుత్వం అక్కడ సుమారు 970 ఎకరాలు నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించింది. కాగితం మీద పనికిరాని నేల. నిజానికది మంచినీటి చిత్తడి. చుట్టూ పొలాలకు తడి, చేపలు, పశువులకు మేత అన్నీ దాన్నుంచే.

పొలమున్న రైతుకి నీళ్ళు పోతే కనీసం చూపించడానికి పట్టా ఉంటుంది. కూలోళ్ళకి, కంబారోళ్ళకి ఏముంది? ఊరి భూమి పంపకంలో కులం ఎవరిని పట్టాకి దూరంగా ఉంచిందో, వాళ్ళే పట్టా లేని భూమి మీద బతకాల్సొచ్చింది. నాలుగు మేకలు, ఒక ఆవు, ఇంత గడ్డి, పూటకి చేపలు. అందుచేత 'బంజరు' అన్న మాట వట్టి రెవెన్యూ మాట కాదు. అక్కడ బతికేవాళ్ళని లెక్కలోంచి తీసేసే మాట.

2010 జూలై 14న సోంపేటలో పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేలే అని జనం చెబుతూ వచ్చిందే నిజమైంది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ ఇద్దరి ప్రాణాలు.

పరిహారం మెట్లు

పరిహారానికి మూడు మెట్లున్నాయి. పై మెట్టు మీద పట్టాదారు. రెండో మెట్టు మీద డి-పట్టాదారు. అసైన్డు భూమి అన్యాక్రాంతం కాకుండా 1977 చట్టం కాపాడుతుంది గాని, ప్రభుత్వమే వెనక్కి తీసుకుంటే దళితుడికి దక్కేది అరకొరే. పట్టాదారుతో సమానంగా పరిహారమివ్వాలని 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పాల్సొచ్చింది.

మూడో మెట్టు మీద ఏ కాగితమూ లేనివాళ్ళు. 2013 భూసేకరణ చట్టం కూలీలను, కౌలుదార్లను, మత్స్యకారులను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. మంచిదే. కాని ప్రభుత్వం తన పేరునున్న పోరంబోకును తానే కేటాయిస్తే అది 'సేకరణ' కిందకే రాదంటారు. చట్టం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఊరి ఉమ్మడి భూములు పరులపాలు కారాదని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఇక్కడ మనకు ఆసరా.

మనం చేయగలిగింది

2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్లాంటుకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి. అక్కడ మాట్లాడ్డానికి పట్టా అక్కర్లేదు. ఆ 30 రోజుల్లో విద్యార్థులు, టీచర్లు చేయగల పని ఉంది. పేట పేటకీ, వీధి వీధికీ తిరిగి ఎవరు ఏం మేపుతున్నారు, ఏం పడుతున్నారు, ఏడాదికెన్ని కూలి రోజులు అన్నది రాయాలి. ప్రభుత్వం కాగితంలో లేని మాల, పైడి, రెల్లి కుటుంబాలు మన కాగితంలోనైనా ఉండాలి. ఆ జాబితా సభలో చదివి, రికార్డులోకి ఎక్కించాలి. అప్పుడు ఆ భూమిని బంజరనడం అంత సులువు కాదు.