సభలో మాటకు ముందు ఎఱుక

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గమున వరంగల్లు దాటిన పిదప నెక్కొండ స్టేషను వచ్చును. గ్రామసీమల కార్యక్రమము కొఱకు మేము ఆ ప్రాంతమునకు పోయినపుడు జరిగిన యొక చిన్న సంగతితో ఈ ప్రసంగము నారంభింతుము.

ఒక ఇల్లాలు తన వాకిట నిలిచి, తమ వీధికి త్రాగునీరు చాలని విషయమును మాకు చక్కగా వివరించుచుండెను. నీరు ఏ వేళకు వచ్చునో, ఇంటికి ఎన్ని బిందెలు దక్కునో, ముసలివారు ఎంత దూరము నడువవలయునో అన్నియు లెక్కగా చెప్పినది. "ఇదే మాట మైకులో చెప్పండమ్మా" అని మైకు ముందుంచగానే ఆమె గొంతు పెగలలేదు. "రేపు గ్రామసభల గూడ గిట్లనే అయితదేమో సారూ! లేచి నిలవడంగనే అన్నీ మరిచిపోత" అని చిన్నబోయినది.

ఈ భయము మాకు క్రొత్తది కాదు. మేము మొదటిసారి స్టూడియోలో కూర్చున్ననాడు, ఎఱ్ఱదీపము వెలుగగానే, చేతిలోని కాగితముపై అక్షరములు కనబడుచున్నను అర్థము మాత్రము మనసున కెక్కలేదు.

ఇట్లేల జరుగును? పదిమంది చూపులు తనపై పడగానే శరీరము దానిని ఆపదగా భావించును. ఆడ్రినలిన్ అను రసము రక్తమున కలియును. గుండె వేగముగా కొట్టుకొనును, నోరెండును, ఊపిరి కుఱుచ యగును. మనసు "ఏమి తప్పుదునో" అని ముందునకును, "వీరేమనుకొందురో" అని ఎదుటివారి వైపునకును పరుగిడునే కాని, చెప్పవలసిన మాటపై నిలువదు. ఎంత కంఠస్థము చేసినను అక్కఱకు రాకపోవుటకు కారణ మిదియే.

మనసును ఉన్నచోటికి తెచ్చుకొను సాధనను బుద్ధభగవానుడు బోధించెను. పాళీలో దానిని సతి యందురు. వచ్చు ఊపిరిని, పోవు ఊపిరిని ఉన్నవి ఉన్నట్లు గమనించుట ఆనాపానసతి. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో జాన్ కబాట్‌జిన్ రోగుల కొఱకు ఇట్టి అభ్యాసమును ప్రవేశపెట్టిన పిమ్మట, మైండ్‌ఫుల్‌నెస్ అను పేర అది లోకమంతట వ్యాపించినది. మన తెలుగులో దీనికి ఎఱుక యన్న మాట చాలును.

సభకును ఎఱుకకును గల చుట్టఱికము తెలుగువారికి చిరపరిచితము. అష్టావధానమును చూచినవా రెఱుగుదురు. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది యడుగుదురు, వేఱొకరు అక్షరమక్షరమునకు నిషేధము పెట్టుదురు. నడుమ గంటలు మ్రోగును. వాని సంఖ్యను చెప్పవలయును. అప్రస్తుత ప్రసంగి పరిహాసమాడి దృష్టిని మఱల్చ జూచును. అవధాని అతనికి నవ్వుచు బదులిచ్చి, విడిచిన పాదమునకు తిరిగి వచ్చును. తిరుపతి వేంకటకవులు ఊరూర సభలలో మెప్పించిన విద్య యిదియే. అవధాన మనగా ఏకాగ్రత. అది మనసు ఎన్నడును చెదరకపోవుట కాదు. చెదరిన మనసు వెంటనే మఱలి వచ్చుట. సభలో మాటాడు సామాన్యులకును వలసిన దింతియే.

దీనికి మార్గము సులభము. లేచుటకు ముందు రెండు పాదములును నేలపై ఆనుచున్నవని గమనింపుడు. మూడుసార్లు ఊపిరి పీల్చి, విడుచుట కొంచెము దీర్ఘముగా సాగనిండు. దానివలన గుండె వడి తగ్గును. భయమును తఱుమబోకుడు, "గుండె కొట్టుకొనుచున్నది" అని లోన ననుకొని, దాని నట్లే యుండనిండు. ఒక వాక్యమును ఒకరి ముఖము చూచుచు ముగించి, తర్వాతి దానిని మఱొకరికి చెప్పుడు. మాట మఱచినచో ఒక ఊపిరి కాలము ఊరకుండుడు. ఆ మౌనము వక్తకు యుగముగా తోచును; శ్రోతకు అది వాక్యాంతమున విరామము మాత్రమే.

అభ్యాసము ఇంటనే చేయవచ్చును. రోజున కైదు నిమిషములు రేడియోలో ఒక ప్రసంగమును మఱి యే పనియు లేక వినుడు. మనసు వంటయింటికో, పొలమునకో పోయినట్లు తోచినపుడు, విసుగు లేక దానిని మరల మాటకడకు తెండు. ఇట్లు వినుట అలవడినచో, మాటాడునపుడును మఱలివచ్చుట అలవడును.

అయితే విషయజ్ఞానము లేనివారికి ఊపిరి ఉపన్యాసము నీయదు. భయము మితిమీఱి నిత్యజీవితమునకే అడ్డమగునపుడు వైద్యుని చూచుట మేలు.

నెక్కొండ ప్రాంతపు ఆ యిల్లాలికి విషయము లోటు కాదు. మైకును అరుగుపై పెట్టి, పాదములను, ఊపిరిని గమనింపుమని మాత్రమే చెప్పితిమి. కొంతసేపటికి ఆమె తనంత తానే మొదలుపెట్టినది. గ్రామసభ ముగిసిన తర్వాత మరల కనబడినపుడు, "నడుమ ఒక్కతాన ఆగిన సారూ. ఊపిరి పీల్చుకొని మళ్ల చెప్పిన. రాసుకున్నరు" అన్నది. నీరు వచ్చుటకు ఇంకను ఎందరో పూనుకొనవలయును. కాని ఆ వీధి సంగతి తీర్మానముల పుస్తకమున కెక్కినది.