ప్లీడరు అశ్రద్ధ చేసినప్పుడు ఫీజు రాబట్టుకొను మార్గములు

అప్పుల బరువు మోయలేని రైతు తుదకు దివాలా దరఖాస్తు పెట్టుకొనును. మన గ్రామములలో దీనినే ఐ.పి. పెట్టుట యందురు. పాడిపశువు నమ్మియో, చేబదులు తెచ్చియో ప్లీడరుకు ఫీజు చెల్లించి, ఇక భారమంతయు వారిదే యని యతడు నిశ్చింతగా ఇల్లు చేరును. ఆ నమ్మకము తప్పు కాదు. పెక్కుమంది ప్లీడర్లు దానిని నిలుపుకొనుచునే యున్నారు. కాని యెవరేని అశ్రద్ధ చేసినచో రైతు కోల్పోవునది ఫీజు మాత్రమే కాదు. అందుచే ఈ విషయమును సభ్యులకు కొంత వివరముగా మనవి చేయుచున్నాము.

వ్యక్తుల దివాలాకు సంబంధించి 2016లో చేసిన క్రొత్త శాసనభాగము 2019 డిసెంబరులో కంపెనీల అప్పులకు హామీ నిలిచినవారి విషయమున మాత్రమే అమలులోనికి తేబడినది. రైతు ఐ.పి.కి ఆధారము 1920వ సంవత్సరపు ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము. కోర్టువారు ఋణస్థుని దివాలాదారుగా ప్రకటించు ఉత్తర్వులోనే, అతడు ఋణవిముక్తికై మరల దరఖాస్తు చేయవలసిన గడువును నిర్ణయింతురు. ప్రకటనతోనే అప్పులు తీరినవని పలువురు భ్రమపడుదురు. అట్లు కాదు. ఆ గడువులో రెండవ దరఖాస్తు పడనిచో 43వ సెక్షను క్రింద ప్రకటన రద్దగును. ఋణదాతలు మరల రైతు మీదికి రావచ్చును. రద్దుచేసిన కోర్టు అనుమతి లేనిదే క్రొత్త ఐ.పి. వేయుటకును వీలులేదు. ఫీజు పుచ్చుకొని ఈ గడువును దాటనిచ్చుట అశ్రద్ధకు తగిన ఉదాహరణము. అయితే కేసు ఓడినంత మాత్రమున ప్లీడరును నిందింపరాదు. శ్రద్ధతో వాదించినను ఓటమి కలుగవచ్చును.

ఇట్టి స్థితి తటస్థించినప్పుడు ముందుగా కేసును కాపాడుకొనవలెను. ఫీజు మాట తరువాతిది. తగిన కారణము చూపినచో 27వ సెక్షను క్రింద కోర్టువారు గడువు పొడిగింపవచ్చును. రఫీక్, మున్షీలాల్ అనువారి వ్యాజ్యమున 1981లో సుప్రీంకోర్టు, తన ప్లీడరు హాజరు కానందున కొట్టివేయబడిన కక్షిదారుని అప్పీలును పునరుద్ధరించి, ఎదిరిపక్షపు ఖర్చులను ఆ ప్లీడరు వద్దనే రాబట్టవలసినదని ఉత్తరువిచ్చినది. ప్లీడరును మార్చుకొనదలచినచో మొదటి ప్లీడరు ఫీజు బాకీ పేరిట కేసు కాగితములను నిలిపివేయుటకు హక్కు లేదని అదే కోర్టు 2000 సంవత్సరమున తీర్పు చెప్పినది.

ఇక ఫీజు సంగతి. వినియోగదారుల కోర్టుకు పోవుదమని కొందరు తలంతురు. ఆ త్రోవ మూసివేయబడినది. న్యాయవాదుల సేవ ఆ చట్టము క్రిందికి రాదని సుప్రీంకోర్టు 2024 మే 14వ తేదీన నిర్ణయించినది. మిగిలిన మార్గము లివి.

మొదటిది, రిజిస్టరు నోటీసు. పని నడుమ మానుకొను న్యాయవాది, చేయని పనికి సరిపడు ఫీజును తిరిగి యీయవలెనని బార్ కౌన్సిలు నియమములే చెప్పుచున్నవి. ఆ నియమమును పేర్కొని, ఎంత సొమ్ము, ఎందులకు కోరుచున్నదియు వ్రాయవలెను. పెక్కు తగవులు ఇచ్చటనే తీరవచ్చును.

రెండవది, సివిలు దావా. న్యాయవాది యైనంత మాత్రమున అశ్రద్ధవలన కలిగిన నష్టమునకు దావానుండి తప్పించుకొనజాలడని 1926వ సంవత్సరపు లీగల్ ప్రాక్టీషనర్ల ఫీజుల చట్టము, 5వ సెక్షను. దావాకు కాలపరిమితి సాధారణముగా 3 సంవత్సరములు. దావాకు ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో రాజీకి యత్నింపవచ్చును. అచ్చటి పరిష్కారము డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, అల్పాదాయము గలవారికిని ఆ సంస్థ ఉచిత న్యాయసహాయము కూడ నొసగును.

మూడవది, 1961వ సంవత్సరపు అడ్వకేట్ల చట్టము, 35వ సెక్షను క్రింద రాష్ట్ర బార్ కౌన్సిలుకు ఫిర్యాదు. దీనివలన మందలింపో, సస్పెన్షనో, జాబితానుండి తొలగింపో కలుగవచ్చును. ఇది వృత్తిదోషమునకు శిక్షయే గాని సొమ్ము వసూలునకు సాధనము గాదు. సొమ్ము ఆశించువాడు దీనినే నమ్ముకొని కూర్చున్నచో దావా కాలపరిమితి దాటిపోవును.

ఏ మార్గమునకైనను కాగితమే బలము. ఫీజు చెల్లించిన రశీదు, వకాల్తా నకలు, ఉత్తర్వుల నకళ్లు, తాను కోర్టుకును ప్లీడరు ఇంటికిని తిరిగిన తేదీలు భద్రపరచుకొనవలెను. ప్రకటన రద్దయిన పిదప క్రొత్త ఐ.పి.కి అనుమతి కోరు రైతు, తగిన కారణముచేతనే గడువు తప్పినదని కోర్టును నమ్మింపవలెను. అప్పుడును పనికివచ్చునవి ఈ కాగితములే. సంఘములో వాయిదా కట్టిన సభ్యుడు రశీదు చేతికి రానిదే కదలడు. ఆ జాగ్రత్తనే ప్లీడరు గదిలోను చూపవలెను. రశీదు అడుగుట అవమాన మని సంకోచింపవలదు. ప్రకటన ఉత్తర్వు వెలువడిన దినముననే, “విముక్తి దరఖాస్తు గడువు ఏ తేదీ?” యని అడిగి, ఆ తేదీని ఇంటి గోడమీది పంచాంగమున గుర్తు పెట్టుకొనుడు. ఆ గడువునకు నెలదినములు ముందుగా ప్లీడరును స్వయముగా కలిసికొనుడు.