ఇంటి పాటపెట్టెకు ఏ వాల్వు పద్ధతి మేలు?



1930వ దశకమున హైదరాబాదులో డెక్కన్ రేడియో పలుకనారంభించిన నాటినుండి చిరకాలము వఱకు మన ప్రాంతపు రేడియో పెట్టెలలో వెలుగుచుండినవి గాజు వాల్వులే. పిమ్మట ట్రాన్సిస్టరు వచ్చి వానిని మూలకు నెట్టినది. అయినను నేటికిని కొందఱు యువకులు వాల్వులతో పాటపెట్టెను, అనగా ఆంప్లిఫయరును, స్వహస్తములతో నిర్మింపవలెనని ఉత్సాహపడుచున్నారు. అట్టి మనుమడు మీ యెదుట నిలిచి ధనమడిగినపుడు ఔననుటయో కాదనుటయో మీ వంతు. ఏ పద్ధతి నెన్నుకొనిన ధనము సార్థకమగునో, ప్రాణమునకు హాని లేకుండునో తెలిసికొని ఔననుట మేలు గదా! అందులకే యీ ప్రసంగము.

వాల్వు పని సులభముగనే బోధపడును. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో నొక లోహపు గొట్టము కాగి ఎలక్ట్రానులను వెడలించును. చుట్టునున్న లోహపు పలక వాని నాకర్షించును. ఈ రెంటి నడుమ సన్నని తీగల జాలకము కలదు. చెరువు తూమును తలచుకొనుడు. తూము తలుపు నెత్తుటకు వలయు బలము స్వల్పము. దాని వెంట పాఱు నీరు మడులకు మడులనే తడుపును. అటులే జాలకముపై బడిన కొద్దిపాటి సంకేతము పెద్ద విద్యుత్ప్రవాహము నాడించును. రెండంగముల వాల్వును 1904లో ఫ్లెమింగును, జాలకము చేర్చిన వాల్వును 1906లో లీ డి ఫారెస్టును రూపొందించిరి.

నిర్మాణ పద్ధతులు ముఖ్యముగా రెండు. స్పీకరు నాడించు భారమంతయు నొక్క వాల్వే మోయుట మొదటిది. దీనిని సింగిల్ ఎండెడ్ అందురు. రెండవది పుష్ పుల్. ఇందు రెండు వాల్వులు రంపమున కిరువైపుల నిలిచిన వడ్రంగులవలె నొకటి లాగుచుండ నింకొకటి విడుచుచుండును. 1947లో ఇంగ్లండున విలియమ్సను ప్రకటించిన ప్రసిద్ధ నిర్మాణ మీ రెండవ తెగకు చెందినది, రెండు కె.టి. 66 వాల్వులతో 15 వాట్ల నిచ్చును. బలమున నిదియే మిన్న. కాని వాల్వులకు జోడు కుదురవలెను. సంకేతమును రెండుగా చీల్చి యొకదానిని తలక్రిందు చేయు మఱియొక అంచె కావలెను. పని పెరిగిన కొలది పొరపాట్లకు చోటు పెరుగును.

పదునైదు వాట్లు ఐదు వాట్లకు మూడింతలు గదా, పాటయు మూడింతలు వినబడునా యని మీరడుగవచ్చును. వినబడదు. చెవి లెక్క వేఱు. శక్తిని రెట్టింపు చేసినను శబ్దము హెచ్చునది 3 డెసిబెల్లులే. రెట్టింపు బిగ్గరగా తోచుటకు శక్తిని ఇంచుమించు పదింతలు చేయవలెను. 1 వాటుకు మీటరు దూరమున 90 డెసిబెల్లులు పలుకు స్పీకరు 5 వాట్లకు 97, 15 వాట్లకు సుమారు 102 పలుకును. వసారాలో కూర్చుండి కీర్తన వినుటకు 97 యే మిక్కిలి. అదే 84 మాత్రమే పలుకు స్పీకరును కొన్నచో, సమానమైన శబ్దమునకు నాలుగింతల శక్తి కావలెను. కావున ఆంప్లిఫయరుకంటె ముందు స్పీకరును పరీక్షింపుడు.

ఇక నాదశుద్ధి మాట. ప్రతి వాల్వును మూలస్వరమునకు కొంత కల్తీ చేర్చును. ఒంటి వాల్వు చేర్చు కల్తీలో రెట్టింపు కంపనముల స్వరము ముఖ్యమైనది, అనగా షడ్జమునకు తారషడ్జము. అది మూలమునకు దగ్గఱి బంధువు గనుక చెవికి కటువుగా తోచదు. పుష్ పుల్‌లో నీ సరిసంఖ్య కల్తీలు పరస్పరము రద్దయి, మొత్తము మీద కల్తీ తగ్గును. ఒంటి వాల్వు నిండుబలమున నూటికి పదివంతుల వఱకు కల్తీ చేర్చగలదు. దానిని నెమ్మదిగా పాడించినచో నా దోషము చాలవఱకు తొలగును.

ఇవన్నియు తూచి చూడగా, తొలిసారి నిర్మించువానికి ఇ.ఎల్. 84 అను వాల్వుతో ఒంటి వాల్వు పద్ధతియే తగునని నా యభిప్రాయము. 250 వోల్టుల వద్ద నిది 5 వాట్లకు పైగా నిచ్చును. కుడియెడమ స్పీకర్లకు చెఱియొకటి, రెంటికి ముందు ఉమ్మడిగా నొక ఇ.సి.సి. 83: మొత్తము మూడు వాల్వులు చాలును.

మిగిలిన ధనమును స్పీకరుకు ముందుండు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుపై వెచ్చింపుడు. ఈ వాల్వు కోరు భారము సుమారు 5,200 ఓములు; స్పీకరుది 8. ఈ రెంటిని పొసగించుటకు ఒకవైపు 25 చుట్లున్నచో రెండవవైపు ఒక చుట్టుండవలెను. ఇనుము చాలనిచో మంద్రస్వరములు నశించును. చుట్లు పొరలు పొరలుగా కలియనిచో తారస్వరములు మొద్దుబాఱును. ఖద్దరుకు పేరొందిన మన మెట్‌పల్లివారికి వేఱుగ చెప్పనేల? నూలు సమముగా లేనిచో నెంతటి మగ్గమైనను మంచి బట్ట నీయదు.

చివరి మాటను మఱువకుడు. ఈ పెట్టెలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తుండును, అది ప్రాణాంతకము. తీగ నూడదీసిన పిమ్మటను కెపాసిటర్లలో విద్యుత్తు దాగియుండును. దానిని హరించు రెసిస్టరు నమర్చి, మీటరుతో కొలిచి, శూన్యమని తేలిన తరువాతనే చేయి పెట్టవలెను. లోహపు పెట్టెను భూమికి తప్పక కలుపవలెను. తడినేలపై వట్టికాళ్లతో నిలువరాదు. స్పీకరు తగిలింపక వాల్వులను పనిచేయింపరాదు, ట్రాన్స్‌ఫార్మరు చెడవచ్చును. పసిపిల్లలకు వేడి గాజు తగులకుండ జల్లెడమూత వేయవలెను.

ఈ నియమములకు లోబడుదునని మాట యిచ్చినవానికి ధనమిండు. ఇయ్యనివానికి అంగడిలో కొన్న రేడియో చాలును.