మచ్చ పంటి మీదా? పంటి లోపలా?

మీ పాప పళ్ళ మీద మరకలు కనిపిస్తున్నాయా? "సరిగ్గా తోముకోవడం లేదు" అని కేకలేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి. నేనూ అదే పొరపాటు చేశాను.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు కొత్తగా వచ్చిన ముందు పళ్ళ మీద తెల్లటి మచ్చలు, గోధుమరంగు చారలు కనిపించాయి. బొగ్గుపొడిలో ఉప్పు కలిపి, చిగుళ్ళు రక్తం కారేలా తోమించాను. మచ్చలు పోలేదు సరికదా, నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకుందది.

చివరికి పళ్ళ డాక్టరమ్మకి చూపిస్తే ఆవిడ అడిగిన మొదటి మాట, "చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగింది?" అని. మా అత్తగారిది నల్గొండ జిల్లాలో పల్లెటూరు. పాపకు ఆరేళ్ళొచ్చేదాకా అక్కడి బోరు నీళ్ళే తాగాం. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, ఫ్లోరైడ్ ఎక్కువగా ఒంట్లోకి వెళితే పంటి పైపొర ఏర్పడేటప్పుడే మచ్చ పడుతుంది. పొరలోనే ఉన్న మచ్చ తోమితే ఎలా పోతుంది చెప్పండి!

నీళ్ళు కాచి ఇస్తున్నాం కదా అనుకోకండి. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు ఫరవాలేదని మన దేశంలో ప్రమాణం. బోరు నీళ్ళు తాగేవాళ్ళు ఒకసారి పరీక్ష చేయించండి. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ కొళాయి మీ ఇంటికి ఉంటే, తాగడానికే కాదు, అన్నం, పప్పు వండడానికీ ఆ నీళ్ళే పట్టుకోండి.

అన్ని మచ్చలూ ఫ్లోరైడ్ వల్లే రావు. ఇవీ గమనించండి:

* చిగుళ్ళ అంచున సుద్దలా తెల్లగీత కనిపిస్తే అది పిప్పిపన్నుకు మొదలు కావచ్చు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల్లో ఎక్కువ. వెంటనే చూపించండి.

* ఐరన్ టానిక్ వల్ల నల్లమరకలు పడతాయి. అవి పైపైవే. టానిక్ మానిపించకండి. స్ట్రాతో తాగించి, నోరు పుక్కిలింపజేయండి.

* ఒక్క పన్నే బూడిదరంగుకు తిరిగిందంటే ఎప్పుడో దెబ్బ తగిలి ఉండవచ్చు. నొప్పి లేకపోయినా డాక్టరుకు చూపించాలి.

* టెట్రాసైక్లిన్ మందులు గర్భిణులు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలు వాడితే పిల్లల పళ్ళు పసుపు, గోధుమరంగుకు మారే ప్రమాదం ఉంది. పాత చీటీ చూపించి మందులు కొనకండి.

* పాలపళ్ళ పక్కన కొత్త పళ్ళు కాస్త పసుపుగా కనిపించడం మామూలే. కంగారు పడకండి.

పేస్టు మూడేళ్ళలోపు వాళ్ళకు బియ్యపుగింజంత, ఆరేళ్ళదాకా బఠాణీగింజంత చాలు. మింగకుండా ఉమ్మడం నేర్పండి.

మా అమ్మాయి పళ్ళకు పెద్దయ్యాక పైన పూత వేయించాం. మచ్చలు కనబడకుండా పోయాయి. నోటికి అడ్డం పెట్టుకునే ఆ చెయ్యి దిగడానికే చాలా ఏళ్ళు పట్టింది. అందుకే చెబుతున్నాను. పిల్లని కోప్పడే ముందు, వాళ్ళు తాగే నీళ్ళేమిటో, వాడిన మందులేమిటో ఒక్కసారి గుర్తు చేసుకోండి.