పాపీ... కనిపించని గుమాస్తా!

పాపీకి ఆఫీసులో కుర్చీ లేదు, బల్ల లేదు. టీ తాగదు, సెలవు అడగదు. అయినా పనిలో మాత్రం యమా ఫాస్టు. ఎందుకంటే పాపీ మనిషి కాదు... ఓ సాఫ్ట్‌వేర్ రోబో!

లండన్ బీమా మార్కెట్లో భారీ ఆస్తులకు ఒక్క కంపెనీయే పూచీ పడదు. పలు సంస్థలు ఆ భారాన్ని పంచుకుంటాయి. ప్రీమియం చేతులు మారాలంటే బ్రోకర్లు పంపిన వివరాలతో ఓ నోటు తయారుకావాలి. అప్పట్లో బ్రోకర్ల తరఫున ఆ పని చేసిపెట్టింది ఎక్స్‌ఛేంజింగ్ అనే సంస్థ. 500 నోట్లు సిద్ధం చేయడానికి అక్కడి ఉద్యోగులకు రోజులు పట్టేది. 2014లో పాపీ వచ్చాక అదే పని అరగంటలో అయిపోయింది!

ఎలా చేస్తుందంటే...

రెండు సంస్థల కంప్యూటర్లను కలపాలంటే లోపలి ప్రోగ్రాములను మార్చాలి. ఖర్చెక్కువ, ఆలస్యమూ ఎక్కువే. అందుకే ఇన్నాళ్లూ ఆ రెండింటికీ వంతెన మనిషే. ఇక్కడ చూసి అక్కడ టైపు చేయడమే ఉద్యోగం. రోబోటిక్ ప్రాసెస్ ఆటోమేషన్ సరిగ్గా ఆ మనిషిలాగే పనిచేస్తుంది. పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతుంది, వివరాలు తీసుకుంటుంది, ఇంకో తెరమీద నింపుతుంది. పాత వ్యవస్థ జోలికి వెళ్లదు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లు తయారుచేసే బ్లూ ప్రిజమ్ 2001లో బ్రిటన్‌లో పుడితే, యూఐపాత్ 2005లో రుమేనియాలో మొదలైంది. బ్రిటన్ టెలికాం కంపెనీ ఓ2 పాత సిమ్ స్థానంలో కొత్తది ఇచ్చే పనితో 2010లో ప్రయోగం చేసింది. 2015 ఏప్రిల్ నాటికి అక్కడ 160కి పైగా రోబోలు నెలకు నాలుగైదు లక్షల లావాదేవీలు చక్కబెట్టేశాయి.

ఇంగితం ఉండదు!

అలాగని రోబో సర్వజ్ఞుడేం కాదు. తెరమీద ఒక్క బటన్ చోటు మారినా తికమకపడి ఆగిపోవచ్చు. తప్పు వివరాలిస్తే ఆ తప్పునే వేలసార్లు చేస్తుంది. అందుకే బ్రోకర్ల నుంచి తలో తీరుగా వచ్చే కాగితాలను చదివి, ఒకే నమూనాలో పెట్టి పాపీకి అందించింది మనుషులే.

మరి ఉద్యోగాలు? ఆటోమేషన్ వల్ల ఎవరినీ తీసేయబోమని ఎక్స్‌ఛేంజింగ్ ముందే మాటిచ్చింది. అన్ని కంపెనీలూ ఆ హామీ ఇవ్వాలని లేదు. హైదరాబాద్, విశాఖల్లో విదేశీ కంపెనీలకు పనిచేసే బీపీఓల్లో ఎందరో కుర్రాళ్లకు మొదటి మెట్టు ఈ 'చూసి కొట్టే' ఉద్యోగమే. రోబో ముందుగా లాగేది ఆ మెట్టునే.

కాబట్టి, డిగ్రీ చేతపట్టుకుని కీబోర్డు ముందు కూర్చోబోయే పిల్లలకు టైపింగ్ వేగం ఒక్కటే చాలదు. ఆ కాగితం ఎక్కణ్నుంచి వచ్చింది, ఎందుకు వచ్చింది, అందులో తప్పేముంది... ఇవి కనిపెట్టడం నేర్చుకోవాలి. ఎంత ఫాస్టుగా పనిచేసినా, పాపీకి రానిది అదే మరి!