కొల్లేటి సరస్సు

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ, ఏలూరుకు దక్షిణంగా పళ్లెం వలె పరచుకొన్న పల్లపు నేల కొల్లేరు. దండి మహాకవి దశకుమారచరిత్రలో ఆంధ్రనగరం చెంత వర్ణించిన సముద్రసదృశమైన సరస్సు ఇదేనని పలువురు పండితుల అభిప్రాయం. వేసవిలో చూచినవారికి ఆ వర్ణన అతిశయోక్తిగా తోచవచ్చు. వరదకాలంలో చూచినవారికి తోచదు.

బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు, డెల్టాలోని మురుగుకాలువలు ఈ మంచినీటి సరస్సులో కలుస్తాయి. బయటకు పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి. అది సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతాన్ని చేరుతుంది. రాక అధికం, పోక స్వల్పం. కనుక కొల్లేరు వరదనీటిని తన విశాలమైన ఒడిలో నిలిపి, మెల్లమెల్లగా సముద్రానికి విడుస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన బుడమేటి నీరు చివరకు చేరవలసినది ఇక్కడికే. ఈ విశాలతను ఎంతగా కుదిస్తే చుట్టుపట్ల పొలాలకు, ఊళ్లకు ముంపు అంతగా పెరుగుతుంది.

తరతరాలుగా కొల్లేటి లంకల జనం దోనెలపై తిరుగుతూ, వలలు పన్ని, మావులు వేసి, కొర్రమీనులను, జెల్లలను పట్టి జీవించారు. 1970వ దశకంలో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సులో చేపల చెరువులను కల్పించింది. ఉద్దేశం మంచిదే. కాని లాభం కంటబడగానే పెట్టుబడి గలవారు కౌలుకు దిగారు. గట్టు పక్కన గట్టు లేచి నీటి నడకను అడ్డగించింది. తాము వేటాడిన నీటిలోనే పలువురు మత్స్యకారులు కూలీలైనారు.

1999లో రాష్ట్ర ప్రభుత్వం సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తురేఖ వరకు, అనగా స్థానికులు 'అయిదో కాంటూరు' అని పిలిచే హద్దు వరకు గల 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. అరణ్యమన్నది ఇక్కడ చట్టపు మాట మాత్రమే. ఉన్నది జలం, కిక్కిస, గుర్రపుడెక్క. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. సుప్రీంకోర్టు ఆదేశాలపై 2006లో వేలాది ఎకరాల చెరువుల గట్లను తొలగించారు. కైకలూరు సమీపాన ఆటపాకలో గూడబాతులకు చెట్లు చాలకపోగా, అటవీశాఖ నీటి నడుమ ఇనుప మంచెలను నిలిపింది. ఆ పక్షులు వాటిపైనే గూళ్లు కట్టి పిల్లలను సాకుతున్నాయి.

హద్దుల వివాదం మాత్రం సమసిపోలేదు. అభయారణ్యంలో జిరాయితీ భూములు గలవారు పరిహారం కోరడం న్యాయమే. అయితే 2008లో శాసనసభ సరిహద్దునే మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. వినడానికి రెండడుగుల తేడాయే. కాని కొల్లేరు పళ్లెం వంటిది. అంచు రెండడుగులు దిగితే అభయారణ్యంలో సగానికి పైగా హద్దు వెలుపలికి పోతుంది. కేంద్రం నియమించిన నిపుణుల సంఘం అందుకు సమ్మతించలేదు.